బరంపురం ఆఫీసుకి గోడలెక్కడ కట్టాలి?

ప్రశ్న: నమస్కారం అక్కా. మాది బరంపురం. కోర్టుపేటలో నాన్నగారు నడిపిన ఆడిట్, పన్నుల ఆఫీసుని సీఏ పాసయ్యాక నేను చూసుకుంటున్నాను. నాతో కలిపి 14 మందిమి. సగం తెలుగువాళ్ళం, సగం ఒడియావాళ్ళు. ఇన్నాళ్ళూ పాత ఇంట్లో ఐదు చీకటి గదుల్లో పనిచేశాం. ఇప్పుడు రెండో అంతస్తులో 1,600 చదరపు అడుగుల హాలు తీసుకున్నాం. వెడల్పు 25 అడుగులు, పొడవు 64. మెట్లు వీధి వైపు. దక్షిణాన సందులోకి కిటికీలున్నాయి, ఉత్తరం గోడకి ఏమీ లేవు. ఇంటీరియర్ కాంట్రాక్టరు అంతా ఓపెన్‌గా ఉంచి, దక్షిణం వైపు నాకు 14 బై 16 గ్లాసు క్యాబిన్ గీశాడు. కుర్రాళ్ళకి నచ్చింది. నాన్నగారి కాలం నుంచి ఉన్న పెద్ద అకౌంటెంటు ఉన్నారు, ఒడియా ఆయన, అందరం మౌసా (ఒడియాలో బాబాయి) అంటాం. తనకు గది లేకపోతే మానేస్తానంటున్నారు. ఆయనకిస్తే ఇంకో ఇద్దరు అడుగుతారు. రహస్యాల సంగతంటారా, ఒడియావాళ్ళ ముందు తెలుగులో, తెలుగువాళ్ళ ముందు ఒడియాలో మాట్లాడుకుంటాం, పెద్ద ఇబ్బంది లేదు. ఓపెన్ ఆఫీసా, గదులా? ఏది మంచిది?

సమాధానం:

అమ్మా, మీరు ఇబ్బంది లేదన్న చోటే నాకు అసలు ఇబ్బంది కనిపించింది. గంజాం జిల్లా మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది 1936 ఏప్రిల్ 1న. అంతకు ముందూ, ఆ తరవాతా కూడా బరంపురంలో రెండు భాషలూ ఒకే వీధిలో, చాలాసార్లు ఒకే ఇంట్లో బతికాయి. తెలుగువాళ్ళ ఆఫీసులో ఇన్నేళ్ళు పద్దులు చూసిన మౌసాకి అర్థంకాని తెలుగు ఏముంటుంది? మీ బల్ల ముందు వంతు కోసం కూర్చున్న రెండో పార్టీకి, అంటే మీ దగ్గరికి పని మీద వచ్చిన ఇంకో క్లయింటుకి, అర్థంకాని ఒడియా ఏముంటుంది? ఈ ఊళ్ళో భాష మార్చడం తెర వేసుకోవడం కాదు. విననట్టు ముఖం పక్కకి తిప్పుకోమని ఎదుటివాళ్ళని అడగడం, అంతే. పెద్దమనుషులు తిప్పుకుంటారు. మాట మాత్రం చెవిన పడిపోయే ఉంటుంది.

మీ బల్ల దగ్గర పార్టీలు ఏం మాట్లాడతారో నాకు తెలుసు. అన్నదమ్ముల వాటా, ఇంట్లో నగలు కుదువ పెట్టిన సంగతి, కొట్లో నిజంగా ఎంత సరుకుందో, కొడుకు చేసిన అప్పు. పార్టీ సమాచారాన్ని వాళ్ళ అనుమతి లేకుండా బయటపెట్టడం చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం, 1949 ప్రకారం వృత్తిపరమైన తప్పు. ఈ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. మీరు నోరు విప్పకపోయినా మీ హాలే చెప్పేస్తుంటే ఆ జాగ్రత్తకి అర్థమేముంది?

ఆఫీసులు గీయడం మొదలుపెట్టిన కొత్తలో నేనే ఈ తప్పు చేశాను. ఒక చిన్న సంస్థకి నేల నుంచి ఫాల్స్ సీలింగ్ దాకా అద్దాలతో మీటింగు గది కట్టించాను. చూడటానికి ముచ్చటగా ఉంది. నెల తిరగకుండానే ఒక కుర్రాడు అందులో కూర్చుని, తల్లి జబ్బు కారణంగా జీతం ముందుగా ఇమ్మని యజమానిని అడిగాడు. అద్దంలోంచి అతను కన్నీళ్ళు తుడుచుకోవడం అందరూ చూశారు. ఫాల్స్ సీలింగ్‌కీ స్లాబుకీ మధ్య ఖాళీలోంచి మాటలు కూడా అందరూ విన్నారు. మర్నాటి నుంచి ఎవరికి ఏ అవసరమొచ్చినా మెట్ల మీదకెళ్ళి మాట్లాడుకునేవారు. నేను కట్టించిన గది ఖాళీగా ఉండేది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ఓపెన్‌గా ఉంటే అందరూ కలిసిమెలిసి మాట్లాడుకుంటారని మీ కాంట్రాక్టరు చెప్పే ఉంటాడు. ఈ నమ్మకం పాతదే. 1950ల చివర్లో జర్మనీలో ఆఫీసులకి సలహాలిచ్చే ష్నెల్లే సోదరులు గోడలు తీసేసి, కుండీలూ తెరలూ మధ్యమధ్య పెట్టి, పని ఏ చేతి నుంచి ఏ చేతికి వెళ్తుందో చూసి దాని ప్రకారం బల్లలు వేయించారు. ఆలోచన మంచిదే. 1968లో అమెరికాలో రాబర్ట్ ప్రాప్‌స్ట్ అనే ఆయన హెర్మన్ మిల్లర్ అనే ఫర్నిచరు కంపెనీ కోసం కదిలే పార్టిషన్లతో ఒక పద్ధతి తయారుచేశాడు. మనిషికి కొంచెం చాటు, కొంచెం స్వేచ్ఛ ఇవ్వాలని ఆయన తపన. కొన్న కంపెనీలు వాటినే దగ్గరగా జరిపి, తక్కువ చోటులో ఎక్కువమందిని కుక్కే డబ్బాలుగా వాడుకున్నాయి. చివరి రోజుల్లో ప్రాప్‌స్ట్ దాని గురించి చాలా బాధపడ్డాడు.

కొలిచి చూసినవాళ్ళూ ఉన్నారు. హార్వర్డ్‌లో ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ అనే ఇద్దరు, గోడలు తీసేసి ఓపెన్‌కి మారిన రెండు పెద్ద కంపెనీల ప్రధాన కార్యాలయాల్లో ఉద్యోగుల మెడలో చిన్న యంత్రాలు వేయించి, ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడుతున్నారో లెక్క తీశారు. 2018లో వచ్చిన ఆ లెక్క ప్రకారం ముఖాముఖి మాటలు పెరగలేదు, సుమారు 70 శాతం తగ్గాయి. ఈమెయిళ్ళు పెరిగాయి. గోడలు పోయేసరికి మనుషులు తమ చుట్టూ తామే గోడలు కట్టుకున్నారన్నమాట. మీ కుర్రాళ్ళు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నారంటే అదీ గోడే.

అలాగని ఐదు చీకటి గదులకి మళ్ళీ వెళ్ళమనను. కొత్తగా చేరిన అమ్మాయి జీఎస్టీలో ఒక మెలిక ఎలా విప్పాలో నేర్చుకునేది పక్క బల్లమీద సీనియరు విప్పుతుంటే చూసే. రిటర్నుల గడువులైన 11వ తారీఖు, 20వ తారీఖు దగ్గరపడినప్పుడు ‘ఆ బిల్లుల కట్ట ఎవరి దగ్గరుంది?’ అని కేకేస్తే ఎవరో ఒకరు చెయ్యి ఎత్తాలి. ఆ పనికి హాలే కావాలి. గాలి సంగతి సరేసరి. మన సముద్రపు ఊళ్ళలో గాలికి అడ్డంగా గది కడితే, ప్రతి గదికీ ఒక ఏసీ, కరెంటు పోతే ప్రతి గదిలోనూ ఉక్కపోత.

అందుకని ఓపెనా, గదులా అన్న ప్రశ్న పక్కన పెట్టండి. పర్లాకిమిడిలో మా అమ్మమ్మగారి ఇల్లు మీ హాలు లాగే సన్నగా, పొడుగ్గా ఉండేది. మీరూ అలాంటి ఇళ్ళు చూసే ఉంటారు. వీధిలో అరుగు, ఒడియావాళ్ళు పిండా అంటారు చూడండి, అది. దాటితే సావిడి. ఆపైన నట్టిల్లు, చివర వంటిల్లు, పెరడు. పాలవాడు అరుగు దాకా. కౌలు లెక్కలకొచ్చిన రైతు సావిడి దాకా. పెళ్ళి సంబంధం మాట్లాడటానికొచ్చినవాళ్ళు నట్టింట్లోకి. ఇంటి ఆడవాళ్ళకి కష్టమొస్తే చెప్పుకునేది పెరట్లో బావి దగ్గర. తాతగారికంటూ ఒక గది, మామయ్యకంటూ ఒక గది ఉండేవి కావు. మాటని బట్టి చోటు మారేది. ఎవరు ఎంత లోపలికి రావచ్చో బోర్డు పెట్టకుండానే అందరికీ తెలిసేది. మీ 64 అడుగుల హాలుని నేను అదే కళ్ళతో చూస్తున్నాను.

మెట్లెక్కగానే మొదటి పది పన్నెండు అడుగులూ మీకు అరుగు. బెంచీలు, మంచినీళ్ళు, కాగితాలు తీసుకునే బల్ల ఒకటి. పార్టీలు తమంతట తాము ఇక్కడిదాకానే రావాలి. దీనికీ లోపలి హాలుకీ మధ్య పైదాకా గోడ అక్కర్లేదు. నాలుగున్నర అడుగుల ఎత్తున ఫైళ్ళ రాక్ అడ్డంగా పెట్టండి. కూర్చున్నవాళ్ళకి లోపలి బల్లలు కనపడవు, నిలబడ్డవాళ్ళకి గాలీ వెలుతురూ ఆగవు. ఇంకో సంగతి, చాలామంది మర్చిపోయేది: లోపలి కంప్యూటర్ల తెరలు ఏవీ ఈ వైపుకి తిరిగి ఉండకూడదు. ఒక పార్టీ ఖాతా ఇంకో పార్టీ కళ్ళబడటానికి మాట కూడా అక్కర్లేదు, తెర చాలు.

అరుగు దాటగానే, కిటికీలు లేని ఉత్తరం గోడని ఆనించి 8 బై 10 గదులు రెండు. ఇవి ఎవరివీ కావు. పార్టీ వచ్చి మనసులో మాట చెప్పాలంటే ఇక్కడికి. వాటి పక్కనే 4 బై 5 అడుగుల చిన్న అర ఒకటి, ఫోను మాట్లాడటానికి. దక్షిణం కిటికీల పొడవునా, మధ్యలో మొత్తం, బల్లలు వేసిన ఓపెన్ హాలు. వెనక చివర ఉత్తరం మూలన 12 బై 14 గది ఒకటి. అన్నీ కలిపితే 348 చదరపు అడుగులు. మొత్తం హాలులో నాలుగోవంతు కూడా కాదు. మీ కాంట్రాక్టరు మీ ఒక్కరి క్యాబిన్‌కే 224 అడుగులు పెట్టాడు. పైగా దక్షిణం వైపు, అంటే ఉన్న గాలీ వెలుతురూ మీకే. అది మాత్రం వద్దని గట్టిగా చెబుతున్నాను.

జాతీయ భవన నిర్మాణ నియమావళి, 2016 ఆఫీసుల్లో బయటికెళ్ళే దారుల లెక్కకి మనిషికి 10 చదరపు మీటర్లు అనుకుంటుంది. మీ హాలు సుమారు 149 చదరపు మీటర్లు, అంటే పదిహేను మందికి సరిపోతుంది. మీరే 14 మంది. రద్దీ రోజుల్లో పార్టీలు కలిస్తే లెక్క దాటుతుంది. కాబట్టి వెనక తలుపుంటే దాని ముందు ఫైళ్ళ కట్టలు పేర్చనివ్వకండి.

ఇక గోడ సంగతి. డబ్బు వృథా అయ్యేది ఇక్కడే కాబట్టి కొంచెం ఓపికగా చదవండి. మామూలుగా మాట్లాడితే ఒక మీటరు దూరంలో 60 డెసిబెల్స్ దాకా ఉంటుంది. ఆరుబయట దూరం రెట్టింపయినప్పుడల్లా 6 తగ్గుతుంది. టైల్స్ నేల, బోసి స్లాబు ఉన్న హాలులో అంత కూడా తగ్గదు, ఎందుకంటే గోడలు మాటని తిరగ్గొడతాయి. రెండు వైపులా ప్లాస్టరు చేసిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ సుమారు 45 డెసిబెల్స్ ఆపుతుంది. 6 మిల్లీమీటర్ల ఒంటి గ్లాసు సుమారు 30. అంటే గ్లాసు వెనక మాట సన్నగా వినిపిస్తుంది, గోడ వెనక మాట దాదాపు వినిపించదు. మీది రెండో అంతస్తు కనుక స్లాబు మీద ఇటుక బరువు పెట్టేముందు భవనం కట్టిన ఇంజనీరుని అడగండి. కాదంటే లోహపు ఫ్రేముకి రెండు వైపులా రెండేసి పొరల జిప్సం బోర్డు, మధ్యలో గ్లాస్ వూల్ నింపి కట్టించండి. ఇటుక గోడకి దీటుగా పనిచేస్తుంది, బరువూ తక్కువ.

ఏది కట్టినా స్లాబుకి తగిలేదాకా కట్టాలి. ఫాల్స్ సీలింగ్ దగ్గర ఆపితే, నేను చేసిన తప్పే మీరూ చేసినట్టు. గాలి దూరే సందులోంచి మాటా దూరుతుంది. తలుపు బోలుది వద్దు, బరువైన ఫ్లష్ డోరు పెట్టించి, చుట్టూ రబ్బరు బీడింగ్, కింద బ్రష్ పట్టీ వేయించండి. ఏసీ పైపు కోసం కొట్టిన కన్నం చుట్టూ పూడ్చారో లేదో మీరే టార్చి వేసి చూడండి. కార్పెంటరు వదిలేసేది అదే. మనిషున్నాడో లేడో తెలియడానికి తలుపులో నిలువుగా సన్నటి అద్దం ఒకటి చాలు.

ఓపెన్ హాలులో మాట తగ్గించడానికి ఖరీదైన ప్యానెళ్ళు కొనేముందు మీ దగ్గరున్నది వాడండి. కట్టలు కట్టిన పాత ఫైళ్ళు తలుపుల్లేని రాక్‌లలో గోడ పొడవునా పేర్చితే అవే మాటని కొంత పీల్చుకుంటాయి. కిటికీలకి మందపాటి నూలు తెరలు వేయండి. నేలమీద కార్పెట్ మాత్రం వద్దు, మన వానాకాలానికి ముక్కవాసన వేస్తుంది. సీలింగ్ ఫ్యాన్లు తీసేయకండి. మనసు చెదరగొట్టేది పెద్ద చప్పుడు కంటే అర్థమయ్యే మాట. ఫ్యాను గుయ్యి మనం మర్చిపోతాం. అవతల బల్లమీద ‘వాళ్ళ అల్లుడు...’ అని వినపడగానే కూడిక తప్పుతాం. రెండు భాషలూ వచ్చినవాళ్ళకి ఈ బాధ రెండింతలు. అందుకే మీ ఆఫీసులో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలంటున్నాను.

ఇప్పుడు మౌసా సంగతి. ఆయన గది అడుగుతున్నారని రాశారు. ఎందుకు అడుగుతున్నారో రాయలేదు. బహుశా మీరు అడిగి ఉండరు. తప్పు పట్టడం లేదు, తండ్రి వయసున్న మనిషిని కూర్చోబెట్టి అడగడం కష్టమే. కాని అడగాలి. నా అనుభవంలో ‘గది కావాలి’ అనే మాటలో రెండు వేరువేరు కోరికలుంటాయి. ఒకటి, పొద్దున్నే రెండు గంటలు ఎవరూ పలకరించకుండా లెక్క సరిచూసుకోవాలి. రెండోది, ఇన్నేళ్ళు ఈ ఆఫీసుని మోసినవాడిని నిన్న వచ్చిన కుర్రాడి పక్కన అదే బల్ల, అదే కుర్చీ ఇచ్చి కూర్చోబెడుతున్నారు. మొదటిదానికి వెనక గది ఉంది. రోజూ పొద్దున ఇంత సమయం ఆయనదేనని తలుపుమీద రాసి పెట్టండి. సెప్టెంబరు ఆడిట్లప్పుడు రోజంతా ఇవ్వండి. రెండోదానికి గోడ మందు కాదు. హాలులో గోడకి వీపు ఆనేలా, కిటికీ వెలుతురు ఎడమ నుంచి పడేలా, ఎవరూ వెనక నుంచి నడవని చోటు ముందు ఆయన్ని ఎంచుకోమనండి. మిగతా బల్లలు ఆ తరవాత వేయండి. నాన్నగారి పాత టేకు బల్ల ఇంకా ఉంటే అది ఆయనకివ్వండి. ఆయన బీరువా తాళం ఆయన దగ్గరే ఉండనివ్వండి. ప్లాను కాగితం కాంట్రాక్టరు చేతిలో చూడకముందే మీ చేతుల మీదుగా ఆయన చూడాలి. చాలామంది పెద్దవాళ్ళకి గది పోయినందుకు కాదు, తమని అడగకుండా తీసేసినందుకు మనసు విరుగుతుంది.

అయితే మీరు గ్లాసు క్యాబిన్‌లో కూర్చుని ఆయన్ని హాలులో కూర్చోమంటే ఈ మాటలేవీ పనిచేయవు. మీ బల్ల కూడా హాలులోనే, వెనక చివర వేసుకోండి. పార్టీలతో ముందు గదుల్లో మాట్లాడండి. మీ వృత్తిలో గోప్యం పని ఎక్కువ, కనుక మధ్యాహ్నాలు వెనక గది మీరు వాడుకోవడం న్యాయమే. ‘మేడమ్ గది’ అన్న పేరు మాత్రం దానికి పడనివ్వకండి.

గ్లాసు క్యాబిన్‌లోంచి అందరూ పనిచేస్తున్నారో లేదో కనిపిస్తుందని కాంట్రాక్టరు అని ఉండొచ్చు. ఇందాక చెప్పిన బెర్న్‌స్టీనే 2012లో ఇంకో సంగతి రాశాడు. దక్షిణ చైనాలో ఒక సెల్‌ఫోన్ ఫ్యాక్టరీలో అంతా బయటికి కనిపించేలా ఉండేది. పైవాళ్ళు చూస్తున్నంతసేపూ కార్మికులు చెప్పిన పద్ధతిలోనే చేసేవారు, తమకు తెలిసిన సులువులు దాచుకునేవారు. కొన్ని లైన్ల చుట్టూ గుడ్డ తెరలు కడితే అక్కడ ఉత్పత్తి 10 నుంచి 15 శాతం పెరిగింది. తెర లోపల ఒకరికొకరు నేర్పుకున్నారు, తప్పులు దిద్దుకున్నారు. మీ కుర్రాళ్ళకీ ఆ పాటి తెర ఉండనివ్వండి. మధ్య బల్లల మధ్య కూర్చున్న కంటి ఎత్తుకి, అంటే నాలుగడుగులకి కాస్త పైదాకా, పార్టిషన్ చాలు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, దాని విచారణ వివరాలు బయటికి పొక్కకూడదు. ఫిర్యాదు చెప్పుకునే అమ్మాయి గ్లాసు గదిలో కూర్చుని చెప్పగలదా? అలాగే బాలింత సెలవు ముగించుకుని వచ్చిన తల్లికి, బిడ్డకి 15 నెలలు నిండేదాకా రోజుకి రెండు విరామాలు చట్టం ఇచ్చిన హక్కు. ఇల్లు దూరమైతే పాలు పిండుకోవడానికి ఆమెకి తలుపున్న చోటు కావాలి, బాత్రూమ్ కాదు. వెనక గదికి లోపలి గడియ, అద్దం మీదకి లాగే తెర, ఒక వాలు కుర్చీ పెట్టించండి. తలుపు వేసి ఉంటే ఎందుకని అడగకపోవడం మీతోనే మొదలవ్వాలి.

ఇక కాంట్రాక్టరుకి చివరి వాయిదా ఇచ్చేముందు చేయాల్సిన పని ఒకటుంది. ఫ్యాన్లు ఆపేసి, మౌసాని గదిలో కూర్చోబెట్టి తలుపు వేయండి. మామూలు గొంతుతో ఇరవై అంకెలు, పది తెలుగులో, పది ఒడియాలో, చదవమనండి. మీరు బయట అతి దగ్గర కుర్చీలో కూర్చుని వినిపించినవి కాగితం మీద రాయండి. మూడు నాలుగు మించి సరిపోయాయంటే ఎక్కడో సందు మిగిలిందన్నమాట. తలుపు కింద, స్లాబు దగ్గర, పైపు చుట్టూ మళ్ళీ వెతికించండి. పూడ్చాక మౌసా చేత ఇంకోసారి చదివించండి. ఆ రెండు కాగితాలూ నాకు పంపితే, ఇంకా ఏమైనా చేయాలో లేదో చూసి రాస్తాను.